‘సై’ అనే ఇంగ్లీషు మాటకు తెలుగు: నిట్టూర్పు ఎక్కడ, ఊపిరి ఎక్కడ, ‘లే’ ఎక్కడ

ఇంగ్లీషు కథ ఏదైనా తెలుగు చేయడానికి కూర్చోండి. నాలుగు పేజీలు తిరగకముందే ఎవరో ఒకరు ‘సై’ చేస్తారు. ఉత్తరం చదివిన తండ్రి, పొయ్యి దగ్గర తల్లి, గుమ్మంలో పడుకున్న కుక్క, ఆఖరికి పైన్ చెట్ల మధ్య గాలి కూడా. నిఘంటువు చూస్తే ‘నిట్టూర్పు’ అని ఉంటుంది. ప్రతిచోటా అదే పెట్టుకుంటూ పోతే, ఆ ఇంట్లో ఎవరో పోయారేమో అనిపించే తెలుగు తయారవుతుంది.

సబ్‌టైటిల్స్, వెబ్ కథనాలు, పిల్లల పుస్తకాలు తెలుగు చేయడం కొత్తగా మొదలుపెట్టినవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. ఉదాహరణలు చాలావరకు కడప, అనంతపురం, కర్నూలు మాటల్లోంచే తీసుకున్నాను. రోజూ చెవిన పడేవి అవే కాబట్టి. నేను చెప్పదలచుకున్న పద్ధతి ఇది: ‘సై’కి సరిసమానమైన ఒక్క మాట కోసం వెతక్కండి. ఆ ఊపిరి వెనక ఏముందో ముందు చూడండి. బాధా, అలసటా, విసుగా, ‘గండం గడిచింది’ అన్న నిశ్చింతా? అది తేలాక తెలుగు దాన్ని ఎక్కడ పలికిస్తుందో చూడండి. ఒక్కోసారి నామవాచకంలో, ఒక్కోసారి క్రియలో, చాలాసార్లు మాట చివర అంటుకునే ఒక్క ‘లే’లో.

1. ముందు చెవికి పరిచయం చేసుకోండి

స్పెల్లింగ్ ఎస్, ఐ, జి, హెచ్. ‘సిగ్’ అని చదవకూడదు. చివరి రెండక్షరాలూ మూగవి. ఎత్తు అనే అర్థంలో ‘హై’, తొడ అనే అర్థంలో ‘థై’ ఎలా పలుకుతామో ఇదీ అలాగే, ‘సై’. ఇదే రూపం నామవాచకంగానూ క్రియగానూ నడుస్తుంది.

విని రాసే పని చేసేవాళ్ళకు ఇక్కడో చిక్కు ఉంది. దీని భూతకాలం ‘సైడ్’. పక్క అనే అర్థమున్న సైడ్‌కీ దీనికీ పలకడంలో తేడా లేదు. బహువచనం ‘సైజ్’. చొక్కా సైజు కూడా అదే ఉచ్చారణ. ఆడియో మాత్రమే విని తెలుగు చేసేటప్పుడు, ముఖ్యంగా మెషీన్ రాసిచ్చిన ఇంగ్లీషు మీద ఆధారపడేటప్పుడు, అర్థం లేని ‘పక్క’ ఒకటి ఎదురైతే అనుమానించండి. మన ‘సై’ సంగతి వేరే చెప్పాలా? ఇంగ్లీషువాడు సై అంటే ఓపిక అయిపోయినట్టు, మనవాడు సై అంటే తొడగొట్టి దిగుతున్నట్టు.

2. ఒంట్లో ఏం జరుగుతుందో తెలుసుకోండి

ఇది అనువాదకుడికి ఎందుకంటారా? ఇంగ్లీషు మాట రెండు వేర్వేరు సంగతులను కలిపి మోస్తుంది కాబట్టి. ఒకటి మనసుది, రెండోది ఊపిరితిత్తులది.

శరీరశాస్త్రంలో ‘సై’ అంటే మామూలు ఊపిరి కంటే దాదాపు రెండింతల గాలి లోపలికి పోయే ఒక పెద్ద ఊపిరి. ఏ బాధా లేకపోయినా, మనకు తెలియకుండానే, సుమారు ఐదు నిమిషాలకోసారి అలాంటి ఊపిరి తీస్తూనే ఉంటాం. ఊపిరితిత్తుల్లో కోట్ల కొద్దీ చిన్న చిన్న గాలి తిత్తులుంటాయి. వాటిలో కొన్ని ముడుచుకుపోతూ ఉంటాయి. ఈ పెద్ద ఊపిరి వాటిని మళ్ళీ తెరుస్తుంది. ఎలుకల మెదడు కాండంలో దీన్ని పుట్టించే నాడీకణాల చిన్న గుంపును గుర్తించినట్టు కాలిఫోర్నియా, స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు 2016లో ‘నేచర్’ పత్రికలో ప్రకటించారు.

మన నిట్టూర్పులో ఈ రెండో సంగతి లేదు. ‘మనిషి గంటకు సుమారు పన్నెండుసార్లు నిట్టూరుస్తాడు’ అని రాస్తే చదివేవాళ్ళు ‘పాపం, ఏం కష్టమొచ్చిందో’ అనుకుంటారు. ‘గంటకు సుమారు పన్నెండుసార్లు పెద్ద ఊపిరి తీస్తాడు’ అంటే సరిపోతుంది. ‘దీర్ఘశ్వాస’ అన్నా తప్పులేదు. ‘నిశ్వాసం’ మాత్రం వద్దు. బడి పుస్తకాల్లో అది గాలి బయటికి వదలడానికి స్థిరపడిపోయింది. పాత నవలల్లో ‘దీర్ఘంగా నిశ్వసించాడు’ అని కనబడుతుంది. ఇప్పుడు ఆ మాట జీవశాస్త్రం పాఠం వాసన వేస్తోంది.

ఆరోగ్య కథనాల్లో ఇంకో ఇబ్బంది వస్తుంది. 2023లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ఒక శ్వాస అభ్యాసం గురించి ప్రచురించారు. ముక్కుతో ఒకసారి పీల్చి, దానిమీదే ఇంకొంచెం పీల్చి, తర్వాత నోటితో నిదానంగా వదలడం. రోజుకు ఐదు నిమిషాల చొప్పున నెల రోజులు చేసినవాళ్ళలో మనసు కాస్త తేలికపడిందని వాళ్ళు చూశారు. ఇంగ్లీషులో దాని పేరులోనే ‘సై’ ఉంది. దాన్ని చూసి ‘టెన్షన్ తగ్గాలంటే రోజూ ఐదు నిమిషాలు నిట్టూర్చండి’ అని రాస్తే ఏ జేజి (మా వైపు నాయనమ్మ) చదివినా తిట్టిపోస్తుంది. పొద్దున్నే నిట్టూర్పులేందని. ఇక్కడ పేరును వదిలేసి పనిని చెప్పండి: ‘రెండు దమ్ముల్లో గాలి పీల్చి, నిదానంగా వదలండి.’

3. నిట్టూర్పును దాని చోట వాడండి

నిట్టూర్పు మంచి మాట. బడిలో ద్విరుక్త టకార సంధి చదివినవాళ్ళందరికీ తెలుసు: నిడు + ఊర్పు. నిడు అంటే పొడవైన, ఊర్పు అంటే ఊపిరి. విడదీసి చూస్తే అందులో దుఃఖం లేదు, పొడుగాటి ఊపిరి, అంతే. దుఃఖం వాడుకలో వచ్చి చేరింది. పాత కావ్యాల్లో ‘వెచ్చనూర్చు’ అనే క్రియ ఉంది. లోపల మనసు ఉడుకుతోంది కాబట్టి ఊపిరి వేడిగా వస్తోందని. ప్రబంధాల్లో విరహిణి నిట్టూర్పులకు పూలపాన్పులు వాడిపోతాయి. ఇప్పటికీ ‘వేడి నిట్టూర్పు’ అంటున్నామంటే ఆ సంప్రదాయం చలవే.

1820లో కడపకు ఉద్యోగం మీద వచ్చి, ఇక్కడే బంగళా కొనుక్కుని, పండితులను పెట్టి తాళపత్రాలకు నకళ్ళు రాయించిన సి.పి. బ్రౌన్ తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు 1852లో వచ్చింది. ఆ బంగళా ఉన్నచోటే ఇప్పుడు ఎర్రముక్కపల్లెలో ఆయన పేరిట భాషా పరిశోధన కేంద్రం ఉంది. తెలుగు నుంచి ఇంగ్లీషుకు పోయేటప్పుడు నిట్టూర్పుకు ఎదురుగా ‘సై’ పెట్టడంలో చిక్కేమీ లేదు. ప్రతి నిట్టూర్పూ ‘సై’యే. వెనక్కి తిరిగి వచ్చేటప్పుడే దారి తప్పుతాం, ప్రతి ‘సై’ నిట్టూర్పు కాదు కాబట్టి. నిఘంటువును రెండువైపులా వాడేవాళ్ళు ఈ తేడా గుర్తుపెట్టుకుంటే చాలా పని తగ్గుతుంది.

ఎక్కడ వాడాలి? చేజారిపోయినదాన్ని తలచుకునేటప్పుడు, ఏమీ చేయలేనప్పుడు, చెప్పుకోలేని బాధను మింగేటప్పుడు. ‘అమ్ముకున్న చేను మీదుగా పోతూ ఆయన నిట్టూర్చాడు.’ ఇక్కడ ఇంకే మాటా పనికిరాదు. పదిమందిలో ఉన్నా ఆ మనిషి ఒంటరిగా కనబడాలంటే నిట్టూర్పు వాడండి.

క్రియగా ‘నిట్టూర్చాడు’ చాలు. నామవాచకమే కావాలంటే ‘నిట్టూర్పు విడిచాడు’. ‘నిట్టూర్పు తీసుకున్నాడు’, ‘నిట్టూర్పు ఇచ్చాడు’ తెలుగు కాదు. ‘దీర్ఘ నిట్టూర్పు’ అనకూడదని కొందరంటారు, నిడులోనే దీర్ఘం ఉంది కదా అని. వ్యాకరణం ప్రకారం వాళ్ళ మాట నిజమే. కానీ నిడు అనే మాట విడిగా వినబడడం మానేసి చాలాకాలమైంది. ‘దీర్ఘంగా నిట్టూర్చాడు’ నా చెవికి కరకుగా లేదు, ఎప్పుడైనా ఒకసారి అయితే.

4. నిశ్చింత అయితే ఊపిరిని లోపలికి తిప్పండి

అన్నిటికంటే ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే. ఆపద తప్పినప్పుడు ఇంగ్లీషువాళ్ళు ‘సై ఆఫ్ రిలీఫ్’ అంటారు. వాళ్ళ ఊపిరి అప్పుడు బయటికి పోతుంది. మన ఊపిరి లోపలికి వస్తుంది. ‘ఊపిరి పీల్చుకున్నారు’ అంటాం. వాళ్ళు బిగబట్టిన గాలిని వదిలిన క్షణాన్ని పట్టుకున్నారు, మనం మళ్ళీ గాలి ఆడిన క్షణాన్ని పట్టుకున్నాం. దీన్ని గమనించకుండా మాటకు మాట పెడితే ‘ఉపశమన నిట్టూర్పు’ అనే వింత జంతువు పుడుతుంది. మెషీన్ అనువాదాల్లో అది తిరుగుతూనే ఉంది.

2009 అక్టోబరులో తుంగభద్ర పొంగి కర్నూలు నగరం మునిగింది. ఆ రోజుల గురించి ఒక ఇంగ్లీషు కథనాన్ని తెలుగు చేస్తున్నారనుకోండి. నీళ్ళు తగ్గాక జనం ‘సై ఆఫ్ రిలీఫ్’ వదిలారని ఉంది. ‘నీళ్ళు తీసేసరికి జనం ఊపిరి పీల్చుకున్నారు’ సరైన తెలుగు. ఇంకో అడుగు వేసి ‘హాయిగా ఊపిరి పీల్చుకున్నారు’ అంటే మాత్రం చెడిపోతుంది. ఇంటినిండా బురద, తడిసి ముద్దయిన బియ్యం, బీరువాలో పాడైన కాగితాలు కళ్ళముందు ఉన్నప్పుడు హాయి ఎక్కడిది? అక్కడ ‘కాస్త ఊపిరి తీసుకున్నారు’ అనాలి. పరీక్ష ఫలితం వచ్చినప్పుడు, స్కాన్ రిపోర్టులో ఏమీ లేదని తేలినప్పుడు ‘హాయిగా’ బాగుంటుంది. ఒకే పదబంధానికి ముందు తగిలించే ఆ చిన్న మాటలోనే అనువాదకుడి తూకం తెలుస్తుంది.

ఇక్కడ చిన్న వ్యాకరణ జాగ్రత్త. ‘పీల్చారు’ వేరు, ‘పీల్చుకున్నారు’ వేరు. మొదటిది ముక్కు చేసే పని. రెండోదాంట్లో ‘కొను’ చేరి అది మనసు సంగతి అయింది. ‘కబురు విని ఆమె ఊపిరి పీల్చింది’ అని రాస్తే, అప్పటిదాకా ఆమె ఊపిరి పీల్చడం లేదా అని అడుగుతారు.

అంతకంటే ప్రమాదకరమైనది ‘ఊపిరి వదిలాడు’. ఇంగ్లీషు కథల్లో బిగబట్టిన ఊపిరి వదలడం మాటిమాటికీ వస్తుంది. దాన్ని ఉన్నదున్నట్టు ‘అతడు ఊపిరి వదిలాడు’ అని తెలుగు చేస్తే పాత్ర చచ్చిపోతుంది. మనకు ఊపిరి వదలడం, ఊపిరి విడవడం, తుదిశ్వాస విడవడం, అన్నీ ఒకటే. పోనీ ‘గాలి వదిలాడు’ అందామా అంటే అది ఇంకా ఘోరం, ఎందుకో మీకే తెలుసు. ‘బిగబట్టిన ఊపిరిని మెల్లగా వదిలాడు’ అని పూర్తిగా చెప్పండి, బతుకుతాడు.

మాటల్లో అయితే పని సులువు. ‘హమ్మయ్య!’ ఆ ఒక్క మాటలో ఊపిరి, నిశ్చింత, దేవుడికి దండం అన్నీ ఉన్నాయి. ‘హమ్మయ్య, అనుకుని నిట్టూర్చింది’ అని మళ్ళీ రాయకండి. మనుషుల నోటి నుంచి వచ్చే ‘గండం గడిచింది’, ‘బతికిపోయినాం పో’ కూడా ఇదే పని చేస్తాయి.

5. అలసట అయితే ‘ఉస్సురు’

ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం వేళ అనంతపురం బస్టాండులో కాసేపు నిలబడండి. సంచి కింద పెట్టి, పైట కొంగుతోనో కండువాతోనో విసురుకుంటూ మనుషులు చేసే శబ్దం నిట్టూర్పు కాదు, ‘ఉస్స్’. దాన్నుంచే ‘ఉస్సురని కూలబడ్డాడు’, ‘ఎండకు ఉస్సురుస్సురంటా వచ్చినాడు’ వచ్చాయి. ఇంగ్లీషు కథలో ముసలాయన మెట్లెక్కి కుర్చీలో కూర్చుంటూ ‘సై’ చేస్తే, ఆయన బాధలోకి పోనక్కర్లేదు. ‘ఉస్సురంటూ కుర్చీలో కూర్చున్నాడు’ చాలు.

దీనికి పక్కనే ‘ఉసూరుమనడం’ ఉంది. వినడానికి ఒకటే అనిపిస్తుంది, వాడుకలో తేడా ఉంది. ఉస్సురనడం ఒంటి అలసట. ఉసూరుమనడంలో ముందు ఒక ఆశ ఉండాలి, అది పోవాలి. శనక్కాయల మూటలు బండికెత్తి మార్కెట్టుకు పోయిన రైతు ధర వినేసరికి, అమ్మబుద్ధి కాక ‘ఉసూరుమంటూ తిరిగొచ్చాడు’ అంటాం. మోడం (మబ్బు) పట్టి, ఉరిమి, చుక్క రాల్చకుండా తేలిపోతే ఊరు ఊరంతా ఉసూరుమంటుంది. మూడు జిల్లాల్లోనూ ఈ మాట చచ్చిపోకుండా ఉండటానికి వాన కూడా తనవంతు సాయం చేస్తోంది. ఇంగ్లీషులో ఆశాభంగంతో వచ్చే ‘సై’ కనబడితే నిట్టూర్పు కంటే ముందు దీన్ని తూచి చూడండి.

రెండు మాటల్లోనూ లీలగా వినబడే ‘ఉసురు’ విడిగా వస్తే మాత్రం జాగ్రత్త. ఉసురు అంటే ప్రాణం. ‘ఆడకూతురి ఉసురు పోసుకోవద్దు’, ‘వాళ్ళ ఉసురు తగులుతుంది’ అన్నప్పుడు అది ఏడిపించబడ్డ మనిషి కడుపులోంచి వచ్చే శాపం. ఇంగ్లీషు ‘సై’లో ఈ బరువు లేదు. దీన్ని ‘సై’కి వాడకండి. తెలుగు నుంచి ఇంగ్లీషు చేసేటప్పుడు కూడా ఉసురును ‘సై’ అనేసి చేతులు దులుపుకోకండి.

6. సంభాషణలో ‘లే’ను నమ్మండి

ఇంగ్లీషు కథకులకు ఒక అలవాటు ఉంది. ‘అన్నాడు’ అనే క్రియ బదులు ‘సై చేశాడు’ అని పెడతారు. ‘సరే, అని ఆమె సై చేసింది’ అన్నట్టు. దీన్ని ‘సరే, అని ఆమె నిట్టూర్చింది’ అని తెలుగు చేస్తే తప్పని ఎవరూ అనరు. కానీ ఇంట్లో ఎవరైనా అలా ‘సరే’ అని, తర్వాత విడిగా నిట్టూరుస్తారా? ‘సరేలే’ అంటారు. ఆ ‘లే’లోనే ఊపిరి బయటికి వచ్చేసింది.

ఈ చిన్న ముక్క చేసే పని చూడండి. పోనీలే, ఉండనీలే, ఏముందిలే, నీకెందుకులే, చెప్పినా నువ్వు వినవులే. ఒక్కోదాంట్లో ఒక్కో రకం ‘సై’ ఉంది. మొదటిదాంట్లో సర్దుకోవడం, చివరిదాంట్లో విసుగు. రాసేటప్పుడు గొంతు దించారా, చేయి విసిరారా అని వర్ణించే పని తప్పుతుంది.

ఎదుటి మనిషిని బట్టి ఇది మారుతుంది, దాన్ని ఇంగ్లీషు చెప్పదు, మీరే తేల్చుకోవాలి. పెద్దవాళ్ళతో, కొత్తవాళ్ళతో ‘పోనీలెండి సార్’. కొడుకుతో ‘పోనీలేరా’, కూతురితో, చెల్లెలితో ‘పోనీలేమ్మా’. ఇక మన వైపు అయితే ‘లే’ ఒక్కటీ సరిపోదు. అనంతపురంలో ఇద్దరు టీ కొట్టు దగ్గర మాట్లాడుకుంటుంటే ఇలా ఉంటుంది:

‘ఏమప్పా, బోరులో నీళ్ళు పడినాయా?’
‘యాడిదిలేప్పా.’
‘మళ్ళా ఏపిస్తావా?’
‘సూద్దాంలేప్పా, ఏం జేద్దాం.’

రెండు జవాబుల్లోనూ మనిషి నిట్టూర్చాడని ఎక్కడా రాయలేదు. రాయాల్సిన అవసరం ఎవరికైనా కనబడిందా?

రెండు హెచ్చరికలు. ఒకటి, ‘లే’ ఎప్పుడూ నిట్టూర్పు కాదు. ‘వస్తాడులే, భయపడొద్దు’ అన్నప్పుడు అది ధైర్యం చెప్పడం. ‘తెలుసులే’ అంటే ఎత్తిపొడుపు కూడా కావచ్చు. ముందూ వెనకా ఉన్న వాక్యాలు చూసి వాడాలి. రెండు, ‘లే’ తెలుగువాళ్ళందరిదీ, ‘ప్పా’ అందరిదీ కాదు. లండన్‌లో వకీలు చేత ‘సరేలే’ అనిపించవచ్చు. ‘సరేలేప్పా’ అనిపిస్తే ఆయన తాడిపత్రి నుంచి పోయి అక్కడ స్థిరపడ్డాడనుకుంటారు. మూలంలో పాత్ర యాసలో మాట్లాడితేనే మన యాస గురించి ఆలోచించండి, అప్పుడైనా చేయి కాస్త బిగించి.

7. శబ్దాలు, చాట్‌లు, సబ్‌టైటిల్స్

ఫోన్ మెసేజ్‌లో ఇంగ్లీషువాళ్ళు రెండు నక్షత్రపు గుర్తుల (*) మధ్య ‘సై’ అని రాస్తారు. మనవాళ్ళు అక్కడ ‘ప్చ్’ అంటారు. నిజానికి ప్చ్ ఊపిరి కాదు, నాలుక చేసే చప్పుడు. అయినా చేసే పని అదే కాబట్టి వాడేయండి. ‘హుఁ’, ‘ఏం చేస్తాం’, ‘ఇంతే సంగతులు’ కూడా సందర్భాన్ని బట్టి నప్పుతాయి.

వినికిడి లోపం ఉన్నవాళ్ళ కోసం రాసే సబ్‌టైటిల్స్‌లో శబ్దాలను బ్రాకెట్లలో చెప్పాలి. అక్కడ ‘నిట్టూర్పు’ అని పెట్టడానికి వెనకాడకండి. అది సంభాషణ కాదు, చీటీ. తెరమీద ముఖం కనబడుతూనే ఉంటుంది కాబట్టి బాధా విసుగా అన్నది ప్రేక్షకుడే చూసుకుంటాడు. నిశ్చింతతో వచ్చే ఊపిరికి మాత్రం ‘హమ్మయ్య’ అని పెడితే మంచిది, తెర మీద చోటు కూడా తక్కువ తీసుకుంటుంది.

8. మనుషులు కానివి నిట్టూర్చినప్పుడు

చెట్ల మధ్య గాలి ‘సై’ చేసింది అని ఉంటే, కవిత్వమైతే ‘గాలి నిట్టూర్చింది’ అనండి, పోతుంది. మామూలు కథలో ‘సరుగుడు చెట్లలో గాలి సుయ్యిమంది’ లాంటిది హాయిగా చదివిస్తుంది. మూలంలో చెట్టు పైన్ అయితే పైన్‌గానే ఉంచండి. సుయ్యి అనే మాటకు పాత తెలుగులో ఊపిరి అనే అర్థం కూడా ఉంది కాబట్టి దూరం పోలేదు. కుక్క అయితే ‘పెద్ద ఊపిరి తీసి ముందుకాళ్ళ మీద తల పెట్టుకుంది’. బస్సు బ్రేకులైతే ‘బుస్సు’మంటాయి.

‘సై ఫర్’ అని దేనికోసమో అంటే అసలు ఊపిరినే మరచిపోండి. అది బెంగ. ‘పుట్టింటి కోసం బెంగపెట్టుకుంది’, ‘పల్లె మీద మనసు లాగుతోంది’.

దీని చుట్టుపక్కల తిరిగే ఇతర ఇంగ్లీషు మాటలతో కలపకండి. ‘గ్యాస్ప్’ అంటే ఉలిక్కిపడి ఒక్కసారిగా ఊపిరి లోపలికి లాక్కోవడం. ‘గ్రోన్’ అంటే మూలుగు. ‘ప్యాంట్’ అంటే రొప్పడం, ‘యాన్’ అంటే ఆవలింత, ‘సాబ్’ అంటే వెక్కిళ్ళు పెట్టి ఏడవడం.

9. ఒక పేరా చేసి చూద్దాం

సముద్రం మీదికి పోయిన కొడుకు కోసం ఎదురుచూసే ఒక ఇంగ్లండు కుటుంబం ఉందనుకోండి. నాలుగు వాక్యాల్లో నాలుగు ‘సై’లు. నిఘంటువు ఒక్కటే పట్టుకుని చేస్తే ఇలా వస్తుంది:

‘తుపాను వార్త చదివి తండ్రి ఒక నిట్టూర్పు విడిచాడు. “అయితే వాడు క్రిస్మస్‌కి రావడం లేదు,” అని తల్లి నిట్టూర్చింది. సాయంత్రం ఓడ క్షేమంగా రేవు చేరిందని టెలిగ్రాం వచ్చింది, అందరూ ఉపశమన నిట్టూర్పు విడిచారు. తల్లి మళ్ళీ ప్లేట్లు సర్దమంది, “నేను సర్దుతాను,” అని కూతురు నిట్టూర్చింది.’

ఇప్పుడు ఒక్కో ఊపిరి వెనక ఏముందో చూడండి. తండ్రిది భయం కలిసిన బాధ. చెప్పుకోలేడు, చేయగలిగిందీ లేదు. నిట్టూర్పు ఆయనకు ఉంచుదాం. తల్లిది ఆశాభంగం, అది మాటలోకి పోవాలి. ‘రావడం లేదు’ను ‘రాడన్నమాట’ చేస్తే చాలావరకు పని అయిపోతుంది. మూడోది నిశ్చింత, ఊపిరి లోపలికి. కూతురిది విసుగు, కానీ ప్రేమ ఉన్న విసుగు.

‘తుపాను వార్త చదివి తండ్రి నిట్టూర్చాడు. “అయితే క్రిస్మస్‌కి రాడన్నమాట,” అంది తల్లి నీరసంగా. సాయంత్రం టెలిగ్రాం వచ్చింది. ఓడ క్షేమంగా రేవు చేరింది. ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకున్నారు. మళ్ళీ ప్లేట్లు సర్దమంది తల్లి. “సర్దుతాలే,” అంది కూతురు.’

నాలుగు నిట్టూర్పుల్లో ఒకటి మిగిలింది. ఒకటే ఉంది కాబట్టి తండ్రి మీద దృష్టి నిలుస్తుంది.

10. చివరగా ఫైలు వెతకండి

అనువాదం పూర్తయ్యాక కంప్యూటర్‌లో ‘నిట్టూర’ అని టైపు చేసి వెతకండి. ఒక అధ్యాయంలో రెండు మూడు కంటే ఎక్కువ కనబడితే ఒక్కోదాని దగ్గర ఆగి, పక్కన ఉన్న మాటను పైకి చదవండి. మాటే నిట్టూరుస్తుంటే క్రియను ‘అంది’, ‘అన్నాడు’కు దించేయండి. తర్వాత ‘ఊపిరి వదిల’ అని వెతికి, పొరపాటున ఎవరినైనా చంపేశారేమో చూసుకోండి.

ఇంకొకటి ఉంది, కొత్తవాళ్ళు చేయడానికి భయపడతారు. కొన్ని ‘సై’లను పూర్తిగా తీసేయవచ్చు. ఇంగ్లీషు కథల్లో రెండు సంభాషణల మధ్య ఖాళీ నింపడానికి పాత్రలు ఊరికే ‘సై’ చేస్తుంటాయి. భుజాలెగరేయడం, తల పంకించడం లాంటిదే అదీ. ఆ ఊపిరి తీసేస్తే కథలో ఏదైనా తగ్గుతుందా అని చూడండి. తగ్గకపోతే తీసేయండి. ఎడిటరు అడిగితే మూలంలో ఆ వాక్యం చూపించి ఎందుకు తీశారో చెప్పండి. ఒప్పుకోకపోతే ‘సరేలెండి’ అని మళ్ళీ పెట్టేయండి.